రెండో బ్యారెల్

"మనిషి నాకు ప్రాణాలతో కావాలి," అన్నాడు హోఫ్రాట్ ట్రాట్నిగ్, కాఫీలో మూడో చక్కెర బిళ్ళ వేసుకుంటూ. "ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, పేరు విన్నాక నువ్వు నా మాట వినవు."

హెమ్మా తన కప్పు దగ్గరికి జరుపుకుంది. క్లాగెన్‌ఫుర్ట్ రైల్వే స్టేషన్ క్యాంటీన్‌లో ఆ పూట వాళ్ళిద్దరూ, నిద్రపోతున్న ఒక పోర్టరూ తప్ప ఎవరూ లేరు. హోఫ్రాట్ హోదా ఉన్న రహస్య శాఖ పెద్ద వియన్నా నుంచి స్వయంగా రైలెక్కి వచ్చాడంటే విషయం ఫోన్‌లో చెప్పేది కాదని ఆమెకు తెలుసు.

"చెప్పండి."

"లోథార్ కిండ్ల్."

హెమ్మా కప్పు బల్ల మీద పెట్టింది.  ఆరు నెలలుగా ఆమె నిద్ర లేచేది ఆ పేరుతోనే, పడుకునేదీ ఆ పేరుతోనే.

లోథార్ కిండ్ల్ అంటే లోకానికి మూడు వందల మీటర్ల షూటింగ్‌లో మూడుసార్లు బంగారు పతకం కొట్టిన వీరుడు. పత్రికల్లో జింక కొమ్ముల పక్కన నవ్వుతూ నిలబడే పెద్దమనిషి. శాఖకు మాత్రం అతను సరిహద్దు అవతలి ఒక ముఠాకు కిరాయి హంతకుడు. పోయిన అక్టోబరులో, వెల్డెన్ దగ్గర సరస్సు రేవులో, అవతలి నుంచి పారిపోయి వచ్చిన దోర్షాక్ అనే రహస్యలిపి గుమాస్తాను పడవ నుంచి దించుతున్నాడు ఎగాన్. నాలుగు వందల అడుగుల దూరం నుంచి ఒకే ఒక్క గుండు వచ్చింది. గుండు దోర్షాక్ కోసం. తగిలింది ఎగాన్‌కి. దోర్షాక్ మీద పడి అతన్ని కప్పేసి చచ్చిపోయాడు.

ఎగాన్ శాఖ మనిషి. ఊరి దృష్టిలో బీమా ఏజెంటు. హెమ్మా దృష్టిలో ఆరేళ్ళ మొగుడు. శాఖలో ఇద్దరు పనిచేస్తే పెళ్ళి బయట పెట్టకూడదని నియమం. అందుకే సమాధి దగ్గర ఆమె చుట్టాల వెనక వరసలో, దూరపు బంధువు లెక్కన నిలబడింది. గట్టిగా ఏడవడానికి కూడా శాఖ అనుమతి లేదు.

రెండు గంటల్లో పోలీసులు లోథార్ కారు ఆపారు. రైఫిల్ దొరికింది. ప్రయోగశాలలో పరీక్షకు కాల్చి చూశారు. బ్యారెల్ లోపలి గాడులు గుండు మీద వదిలే గీతలు మనిషి వేలిముద్రల లాంటివి. ఆ గీతలు కలవలేదు. క్షమాపణ చెప్పి, రైఫిల్‌కి నూనె కూడా రాసి, చేతికిచ్చి పంపించారు.

"ఆ రైఫిల్ అమ్మేశాడు," అన్నాడు హోఫ్రాట్. "ప్రతి చెక్‌పోస్టులోనూ దాని నంబరు ఉందిగా. ఇప్పుడు కొత్తది కావాలట. బ్యారెల్ మార్చుకునే రకం. ఎవరి కొట్టుకి ఉత్తరం రాశాడో ఊహించు."

"ఫెర్లాఖ్‌లోనా?"

"ఫెర్లాఖ్‌లో బ్లాజ్ ఓగ్రిస్ మేస్త్రి కొట్టుకి."

అది హెమ్మా పుట్టిల్లు, తుపాకులు చేసే ఆమె తండ్రి కొట్టు.

"గురువారం వస్తున్నాడు," అని కొనసాగించాడు హోఫ్రాట్. "మన దోర్షాక్ ఆ పక్క ఊళ్ళోనే, వేరే పేరుతో చర్చిలో ఆర్గన్ వాయిస్తున్నాడు. ఈస్టర్ అయిన మర్నాడే వియన్నాకి తీసుకెళ్ళి కోర్టులో సాక్ష్యం చెప్పిస్తాం. ముఠా పేర్లన్నీ బయటికొస్తాయి. అంటే ఈస్టర్‌లోపే వాళ్ళు పని కానిచ్చుకోవాలి. లోథార్ వెంట మెలిటా అని ఒక అందగత్తె వస్తుంది. ఆమె మన మనిషి."

"మన మనిషా, వాళ్ళ మనిషా?"

హోఫ్రాట్ కాస్త ఆలోచించాడు. "సోమ, బుధ, శుక్రవారాలు మన మనిషి."

* * *

గురువారం పొద్దున ఓగ్రిస్ కొట్లో బూడిదరంగు ఏప్రన్ కట్టుకుని, సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పనిమనిషి చెక్కపొట్టు ఊడుస్తోంది. ఆమెను హెమ్మా అని గుర్తుపట్టాలంటే కన్నతండ్రి అయి ఉండాలి. కన్నతండ్రి ఆ వైపు చూడకుండా జాగ్రత్త పడుతున్నాడు.

లోథార్ వచ్చాడు. వయసు నలభై ఐదు, ఆరోగ్యం పాతికది. వెనకే నక్కతోలు కోటులో మెలిటా. వచ్చీ రాగానే ఆమె పొయ్యి పక్క కుర్చీ లాక్కుని, "లోథార్, ఈ ఇనప కంపు నా కోటుకి పట్టిందంటే ఊరుకోను సుమా," అంది.

"నమస్కారం మేస్త్రి గారూ. ఒకటే తుపాకీ, రెండు పనులు. ఆదివారం పోటీలో కాగితం మీద కాల్చాలి, సోమవారం కొండెక్కాలి."

"అందరూ అదే అడుగుతారు బాబూ. ఒక్కడికీ రెండూ చేతకావు," అన్నాడు ఓగ్రిస్. డెబ్బై ఏళ్ళ మనిషి. కొట్టు గుమ్మం దాటి వచ్చిన వాడెవడైనా ముందు ఒక చురక తినాల్సిందే. "నీ సంగతి పేపర్లో చూశాలే. నీకు చేతనవుతుంది. కూర్చో."

ఆకుపచ్చ గుడ్డ పరిచి మూడు రైఫిళ్ళు పెట్టాడు.

"కాగితానికి బరువైన బ్యారెల్ కావాలి. అరవై గుండ్లు వేసినా వేడికి బెసక్కూడదు. వేటకి తేలిగ్గా ఉండాలి, భుజాన కొండెక్కుతావు కాబట్టి. అక్కడ నీకు దొరికేది చల్లటి బ్యారెల్‌లోంచి పోయే మొదటి గుండు ఒక్కటే. ఇదిగో, ఈ మొదటిది తీసుకో. మీట తిప్పితే బ్యారెల్ ఊడొస్తుంది. ఏ బ్యారెల్ స్కోపు ఆ బ్యారెల్ మీదే ఉంటుంది. మార్చినా గురి చెక్కు చెదరదు. బుద్ధిమంతురాలు."

లోథార్ దాన్ని ఎత్తి, భుజానికి ఆనించి, దించేశాడు. "బాగుంది. కానీ వద్దు."

"ఈ రెండోది చూడు. చెంప ఆనే చెక్క పైకీ కిందకీ జరుగుతుంది, భుజానికి ఆనే మడమ పొడుగూ పొట్టీ అవుతుంది. పోటీలకి దీన్ని మించింది లేదు."

"బరువు. వద్దు."

అతని కళ్ళు మొదటి నుంచీ మూడోదాని మీదే ఉన్నాయి. హెమ్మా ఊడుస్తూనే గమనించింది.

"అది నేను కనిపెట్టిందే," అన్నాడు ఓగ్రిస్, అయిష్టంగా. "పాతకాలంది, మొండిది. బ్యారెల్ కింద ఒక చీల, రెండు మరలు. ఈ గూట్లోకి దిగే బ్యారెల్ భూమ్మీద నేను తప్ప ఇంకెవడూ చెయ్యడు. స్కోపు తుపాకీ ఒంటి మీద ఉంటుంది, బ్యారెల్ మీద కాదు. కాబట్టి మార్చినప్పుడల్లా ఒక కంట్రోల్ షాట్ వేసి, గుండు ఎక్కడ పడిందో చూసుకుని, గురి సరిచేసుకోవాలి. నీలాంటి వాడికి ఈ తద్దినం ఎందుకు?"

"కంట్రోల్ షాట్ వెయ్యకుండా కాల్చేవాడు వేటగాడా మేస్త్రి గారూ?"

"కాడు. కసాయి."

"మరింకేం!" అని లోథార్ నవ్వి, బొటనవేలు ఆ గూట్లోకి పోనిచ్చాడు. గూడు వెనక అంచున, పైకి కనబడని ఒక చిన్న పెదవి ఉంటుంది. బ్యారెల్ వెనక కొన, అంటే మడమ, ఆనేది అక్కడే. అతని వేలు చూడకుండానే తిన్నగా అక్కడికి వెళ్ళి ఆగింది. ఇంట్లో చీకట్లో స్విచ్చి వెతుక్కునే వాడి వేలిలా వెళ్ళింది.

హెమ్మా చీపురు ఒక్క క్షణం ఆగింది.

"ఇదే ఇవ్వండి. ఆరున్నర మిల్లీమీటర్ల టార్గెట్ బ్యారెల్‌తో."

"వేట బ్యారెల్?"

"ఇప్పుడొద్దు."

"రెండు బ్యారెళ్ళ కోసం పుట్టిన తుపాకీని ఒక్క బ్యారెల్‌తో తీసుకెళ్ళి ఏం చేస్తావయ్యా? వేటకన్నావుగా!"

"ముందు పెళ్ళి కానీండి, పిల్లల సంగతి తర్వాత," అన్నాడు లోథార్. మెలిటా ఆవలించింది.

వాళ్ళ కారు వంతెన దాటేదాకా హెమ్మా ఊడుస్తూనే ఉంది. ఓగ్రిస్ తలుపు గడియ పెట్టి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు.

"రెండో బ్యారెల్ వాడి దగ్గరుంది నాన్నా."

"ఉంది. అది నాదే." ముసలాయన చేతులు తుడుచుకున్నాడు. "ఇలాంటి గూటికి ఏడున్నర మిల్లీమీటర్ల బ్యారెల్ ఒక్కటే చేశాను. ట్రియెస్టె నుంచి ఎవడో వర్తకుడు వచ్చి, ఇలాంటి తుపాకీతో పాటు తీసుకెళ్ళాడు. నా జన్మలో అంత మంచిది మళ్ళీ చెయ్యలేకపోయాను. వంద గజాల్లో ఐదు గుండ్లు వేస్తే ఐదూ ఒకే బొక్కలోంచి పోయాయి."

"దాంతోనే కాల్చాడు. కాల్చి, బ్యారెల్ విప్పి ఎక్కడో దాచి, పోలీసులకి టార్గెట్ బ్యారెల్ బిగించి చూపించాడు." హెమ్మా కళ్ళద్దాలు తీసి బల్ల మీద పడేసింది. "కానీ ముఠా వాళ్ళు పని అయ్యాక బ్యారెల్ నీళ్ళలో పడేయమంటారు. ఎప్పుడూ అంతే. వీడెందుకు పడెయ్యలేదు?"

ఓగ్రిస్ కూతురి వంక జాలిగా చూశాడు. "నువ్వు తుపాకీ కాలుస్తావు గానీ తుపాకీ పిచ్చి లేనిదానివి. అలాంటి బ్యారెల్ దొరికినవాడు దాన్ని నీళ్ళలో వెయ్యలేడమ్మా. ఉరికంబం ఎదురుగా కనిపిస్తున్నా సరే, చెయ్యి రాదు."

 తర్వాత చాలా మెల్లగా, ప్రార్థన చదివే గొంతుతో అన్నాడు: "తుపాకీ రేపు గదా వాడికి అప్పగించేది. ఆ గూడు వెనక పెదవి వెంట్రుకంత అరగదీస్తాను. టార్గెట్ బ్యారెల్‌తో ఏమీ కాదు. ఆ బ్యారెల్ బిగించి కాల్చిన రోజున బోల్ట్ వచ్చి వాడి కంట్లో దిగుతుంది."

హెమ్మా ఆ మాటను తియ్యగా విన్నది. నిజం చెప్పాలంటే ఆరు నెలల్లో ఆమెకు రుచించిన మాట అదొక్కటే. లోథార్ మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంది, ఇంకోసారి ఊహించుకుంది.

"వద్దు నాన్నా," అంది చివరికి. "పేలితే బ్యారెల్ కూడా పోతుంది. ఎగాన్‌కి ఉన్న సాక్షి అదొక్కటే."

* * *

ఈస్టర్ ముందు శనివారం మధ్యాహ్నం ఆడవాళ్ళంతా హ్యాము, గుడ్లు, తియ్య రొట్టె సర్దిన బుట్టలు పట్టుకుని దీవెన కోసం పక్క ఊరి చర్చికి వచ్చారు. నక్కతోలు కోటు కూడా ఒక బుట్టతో వచ్చింది. బుట్టలో హ్యాము మీద ధర చీటీ ఇంకా ఊడలేదు.

"ఈ ఏడు ముల్లంగి ఘాటుగా ఉందా?" అని అడిగింది మెలిటా. అది సంకేతం.

"కన్నీళ్ళు రావడానికి సరిపోతుంది," అని బదులిచ్చింది హెమ్మా.

"విను. చర్చి ముందు పండగ ఫిరంగులు మూడుసార్లు పేలుస్తారటగా? మెట్ల మీద ఈస్టర్ పాట మొదలైనప్పుడు ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర్న ఒకసారి. మొదటి మోతలో కంట్రోల్ షాట్, మూడో మోతలో మీ ఆర్గన్ వాయించేవాడు. ఇది వేట మూసిన కాలం. విడిగా ఒక్క తుపాకీ మోగినా అడవి గార్డులు పరిగెత్తుకొస్తారు. అందుకే ఇన్నాళ్ళూ బ్యారెల్ బిగించి చూసుకోలేదు."

"ఎక్కణ్ణుంచి?"

"రంపపు మిల్లు అటక మీంచి."

"నిజమేనా?"

మెలిటా కళ్ళు ఎంత అందంగా ఉన్నాయో అంత ఖాళీగా ఉన్నాయి. "నాతో అలా అన్నాడు బంగారం. మగాడి మాటకి నేను పూచీ ఉండలేను."

సాయంత్రం హోఫ్రాట్ తన ఎనిమిది మందినీ మిల్లు చుట్టూ మోహరించాడు. హెమ్మా తండ్రిని అడిగింది: "నాన్నా, నువ్వైతే ఆ అటక మీంచి కంట్రోల్ షాట్ వేస్తావా?"

"పిచ్చా! వెనక మట్టిగట్టు ఏదీ? గుండు పోయి ఏ రాయికి కొట్టుకుని ఎవడి పశువుకి తగులుతుందో! గట్టు లేని చోట కాల్చకూడదని మాకు ఆరేళ్ళప్పుడే చెవి మెలేసి నేర్పుతారు."

"వాడు మనిషిని చంపడానికి వచ్చాడు నాన్నా. పశువు గురించి ఆలోచిస్తాడా?"

"ఆలోచించడు. అయినా గట్టు వెతుక్కుంటాడు. పైగా గట్టు మట్టిలో గుండు పడిన చోటు కనబడకపోతే వాడు గురి ఎలా సరిచేసుకుంటాడు?"

హెమ్మా ఆ మాట చెబితే హోఫ్రాట్ కొట్టిపారేశాడు. మన మనిషి సమాచారం ఉండగా ఒక ముసలి మేస్త్రి ఊహ ఎవడిక్కావాలి? చర్చి మెట్లు కనబడుతూ, వెనక మట్టిగట్టు ఉన్న చోట్లు మూడున్నాయి: పాత సున్నపు బట్టీ, కంకర గొయ్యి, తేనెపెట్టెల దిబ్బ. మనుషులు ఇద్దరే, తనూ నాన్నా. అందులో ఒకరికి మోకాళ్ళ నొప్పి.

"దోర్షాక్ గారూ, మీరు లోపలే ఉండిపోండి," అని ఆఖరి ప్రయత్నం చేసింది.

బక్కపలచటి ఆ గుమాస్తా తల అడ్డంగా ఆడించాడు. "నేను కనబడకపోతే వాడు ఈ రోజు వెళ్ళిపోయి ఇంకో రోజు వస్తాడు. ఆయన నా మీద పడి చచ్చిపోయాడమ్మా. ఆ బరువు నా వీపు మీద ఇంకా ఉంది. నేను తలుపు వెనక దాక్కోను."

ఇక మిగిలింది షిమున్ మామ. పాతికేళ్ళుగా ఆ ఊరి పండగ ఫిరంగుల పెద్ద ఆయనే. పన్నెండు పొట్టి ఫిరంగులు, పన్నెండు మంది మనుషులు. ఆయన ఎర్ర జెండా దించితే లోయంతా దద్దరిల్లాలి.

"మామా, రేపు మొదటిసారి జెండా దించు. కానీ ఎవరూ పేల్చకూడదు."

షిమున్ మామ పైపు నోట్లోంచి జారింది. "ఈస్టర్ నాడు ఫిరంగి మూగబోవడమా? ఊరు నన్ను బతికుండగానే పూడ్చిపెడుతుందే! మందు తడిసిందంటారు. తాగి పడుకున్నానంటారు. పై ఊరి వాళ్ళు పదేళ్ళ పాటు పాటలు కట్టుకుంటారు."

"రెండోసారి నీ ఇష్టం వచ్చినంత పేల్చుకో. ఒక్క మొదటిసారే మామా. నా జీవితంలో నిన్ను నేనెప్పుడూ ఏదీ అడగలేదు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. కారణం అడగలేదు. "తాగి పడుకున్నానని చెప్పుకుంటాలే," అన్నాడు.

* * *

ఆదివారం పొద్దున మంచు విడిపోయి ఎండ వచ్చింది. హెమ్మా మూడు చోట్లకీ మధ్యలో ఉన్న కంచె పక్క చతికిలబడి ఉంది. కింద చర్చి తలుపులు తెరుచుకున్నాయి. పాడేవాళ్ళు మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. చివరి వరసలో దోర్షాక్, టోపీ తీసి గుండెకు ఆనించుకుని ఉన్నాడు.

పాట మొదలైంది. షిమున్ మామ ఎర్ర జెండా ఎత్తాడు. దించాడు.

నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పైనుంచి ఒకే ఒక్క రైఫిల్ మోత, కొరడా దెబ్బలా.

సున్నపు బట్టీ!

హెమ్మా పరిగెత్తింది. కింద జనం తలలు తిప్పారు, ఎవరో నవ్వారు, "షిమున్, మందు తడిసిందా?" అని కేక వేశారు. అలవాటైన పాట ఆగలేదు. ఆ మోత తనను పట్టిచ్చిందని లోథార్‌కి తెలిసిపోయి ఉంటుంది. పారిపోతాడా? పారిపోడు. గుండు ఎక్కడ పడిందో చూసుకున్నాడు, స్కోపు మర ఎన్ని గళ్ళు తిప్పాలో తెలిసింది. అంత చేతికందాక పోటీగాడు లేచి వెళ్ళడు. ఇక మూడో మోత దాకా ఆగడు, రెండోదాంట్లోనే కానిచ్చేస్తాడు. పాట సగానికి వచ్చేస్తోంది.

బట్టీ పక్క మట్టిగట్టు మీద ఒక ఎర్రటి ఈస్టర్ గుడ్డు పెట్టి ఉంది. గుడ్డుకి నాలుగు వేళ్ళ ఎడంగా మట్టిలో కొత్త బొక్క. పండగ పూట గట్టు మీద గుడ్డు చూసి ఎవడూ అనుమానపడడు గదా అని దాన్నే గురి చుక్కగా పెట్టుకున్నాడు దుర్మార్గుడు.

తలుపు అవతలి వైపు ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళే సమయం లేదు. బట్టీ గోడలో, ఆమె తలకంటే మూరెడు ఎత్తున, ఒక గాలి కన్నం. అందులోంచి జానెడు నల్లటి ఇనుము బయటికి వచ్చి, చర్చి మెట్ల వైపు చూస్తోంది.

హెమ్మా గోడకు కాలు తన్ని ఎగిరింది. రెండు చేతులతో ఆ బ్యారెల్‌ను పట్టుకుని వేలాడింది. పట్టు దొరకగానే మోకాళ్ళు గోడకు ఆనించి మూతిని ఒక్క తోపున ఆకాశంలోకి లేపింది.

ఆ క్షణాన్నే షిమున్ మామ జెండా దించాడు. పన్నెండు ఫిరంగులూ, మొదటిసారి మింగిన కోపమంతా కలిపి, ఒక్కసారిగా పేలాయి. అరచేతుల్లో బ్యారెల్ జల్లుమంది. గుండు మేఘాల్లోకి పోయింది. ఆమె చెవుల్లో గంట మోగుతూనే ఉంది. మెట్ల మీద దోర్షాక్ నోరు తెరిచి పాడుతూనే ఉన్నాడు.

ఎడమ చెయ్యి వదలకుండా, కుడి చేత్తో పిస్టల్ లాగి కన్నంలోకి పెట్టింది. లోపల, జానెడు దూరంలో, లోథార్ నుదురు.

"కదిలావంటే నీ మెదడు సున్నంలో కలుస్తుంది."

"ఎవరు నువ్వు?" అన్నాడు లోథార్. ఆశ్చర్యమే తప్ప భయం లేదు. "కొట్లో ఊడ్చే దానివి కదూ!"

"ఎగాన్ పెళ్ళాన్ని."

ఆరేళ్ళ కాపురంలోనూ, ఆరు నెలల వైధవ్యంలోనూ ఆ మాట ఆమె బయటి మనిషితో పైకి అనడం అదే మొదటిసారి. ఆ మొదటి మనిషి వీడవడం ఆమెను మరింత మండించింది.

"ఏ ఎగాన్? ఓహో, రేవులో ఆ బీమా వాడా?"

వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. కాల్చేస్తే హోఫ్రాట్ రెండు నెలలు అరిచి మర్చిపోతాడు. ఆమెకు మనసారా కాల్చెయ్యాలనే ఉంది. అయితే వీడు ఎవణ్ణి చంపాడో కూడా సరిగ్గా తెలియకుండా, ఒక్క క్షణంలో హాయిగా పోతాడు. ఆ హాయి వీడికెందుకు ఇవ్వాలి?

అంతలో తలుపు కిర్రుమంది. మోకాళ్ళు పట్టుకుంటూ ఓగ్రిస్ మేస్త్రి లోపలికి వచ్చి, లోపలి అరుగు మీద బోర్లా పడుకుని ఉన్న లోథార్ కాళ్ళ మీద బస్తాలా కూర్చున్నాడు. రైఫిల్ వంకే చూస్తూ, "మర సరిగ్గా బిగించలేదు వెధవ," అన్నాడు.

* * *

నాలుగు రోజుల తర్వాత క్లాగెన్‌ఫుర్ట్ జైలు గదిలో లోథార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం నున్నగా గీసుకుని కూర్చున్నాడు. బల్లకి ఇటు హెమ్మా.

"గీతలు కలిశాయి," అందామె. "ఎగాన్ ఒంట్లో దొరికిన గుండూ, గట్టులోంచి తవ్విన గుండూ ఆ బ్యారెల్‌లోంచే వచ్చాయి."

"సంతోషం. అయితే ఏమంటావు? నేను నోరు విప్పను. ఆరు వారాల్లో ఇంటికి పోతాను. మావాళ్ళు మీ పైవాళ్ళతో అప్పుడే మాట్లాడేశారు. నన్ను అప్పగిస్తే గ్యాసు పైపుల ఒప్పందం మీద సంతకం పడుతుందట. కోర్టులో విచారణ నడుస్తున్నంత కాలం నన్ను మార్పిడికి ఇవ్వొచ్చు. నేరం ఒప్పుకుంటేనే కుదరదు. నేనెందుకు ఒప్పుకుంటాను చెప్పు?"

అతను చెప్పింది అక్షరాలా నిజం. ముందు రోజు పొద్దునే హోఫ్రాట్ ఆ సంగతి తలదించుకుని చెప్పాడు. హెమ్మా అరవలేదు. ఆయన దగ్గర ఒక ఫోటోగ్రాఫర్‌నీ, మెలిటాతో పావుగంట సమయాన్నీ మాత్రం అడిగి పుచ్చుకుంది.

ఇప్పుడు ఒక ఫోటో బల్ల మీద పెట్టింది. బ్యారెల్ మడమ దగ్గరి చెక్కుడు చాలా స్పష్టంగా వచ్చింది: ఓగ్రిస్ గుర్తు, నంబరు, పరీక్ష చేసి ముద్ర కొట్టిన సంవత్సరం.

"ఏమిటిది?"

"దీని ఇంకో కాపీ మెలిటా నిన్న సరిహద్దు దాటించి పట్టుకెళ్ళింది. నిన్న బుధవారం, ఆమె మా మనిషి. అక్కడికి చేరేసరికి గురువారం. పాపం, వాళ్ళ మనిషి. మిల్లు అటక కబురు తను నాకు చేర్చిందన్న మాట వాళ్ళ చెవిన పడకుండా ఉండాలంటే, ఎవరి మీదైనా ఏదో ఒకటి చెప్పక తప్పదుగా."

లోథార్ ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. మెల్లగా కింద పెట్టాడు. ఇస్త్రీ చొక్కా మెడ దగ్గర చెమట పట్టింది.

"అక్టోబరులోనే బ్యారెల్ సరస్సులో పడేశానని వాళ్ళకి చెప్పావట. ఈసారి వాడేది కొత్తదనీ చెప్పావట. వాళ్ళు నమ్మారట." హెమ్మా గొంతులో తొందరేమీ లేదు. ఆరు నెలలు ఆగిన మనిషి ఇంకో ఐదు నిమిషాలు ఆగలేదా? "ఆ నంబరు వాళ్ళ వర్తకుడి దాకా దారి చూపిస్తుంది, అంటే వాళ్ళ చేతి ముద్ర తెచ్చి మా చేతుల్లో పెట్టావు. ఫోటో చూసి మీ పెద్దాయన ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"కోప్పడలేదట, ఇందాకే మెలిటా కబురు పంపింది. మార్పిడి వీలైనంత తొందరగా కానివ్వండి అన్నాడట. సరిహద్దు వంతెన దగ్గరికి కారు తనే పంపిస్తానన్నాడట."

 లోథార్ తన చేతుల వంక చూసుకున్నాడు. గురి తప్పని చేతులు, బల్ల మీద వణుకుతున్నాయి. హెమ్మాకి ఆ వణుకు చూస్తుంటే కడుపు నిండింది. ఏ సిగ్గూ లేకుండా, తనివితీరా చూసింది.

"నన్ను పంపించొద్దు," అన్నాడు చివరికి.

"నా చేతిలో ఏముంది? నువ్వే అన్నావుగా, నేరం ఒప్పుకుంటేనే..."

"కాగితం ఇవ్వండి."

ఏకవచనం పోయి "అండి" వచ్చిందని హెమ్మా గమనించింది. కాగితాలూ కలమూ అతని ముందుకు తోసింది.

"మొదటి నుంచి రాయి. ఎవరు పంపారు, ఎవరు బ్యారెల్ తెచ్చారు, ఎక్కడ పడుకున్నావు, గాలి ఎటు వీచింది, అన్నీ. బీమా వాడు అని రాశావంటే చింపేస్తాను. ఎగాన్ అని రాయి. పక్కనే, హెమ్మా భర్త అని కూడా రాయి. అది ఎక్కడో ఒకచోట ప్రభుత్వ కాగితం మీద ఉండాలి."

రాశాడు. మూడు గంటలు రాశాడు. మధ్యలో రెండుసార్లు ఏడ్చాడు, అది ఎగాన్ కోసం కాదని ఇద్దరికీ తెలుసు. పదకొండో పేజీ చివర సంతకం పెట్టి, కలం మూత పెట్టి, ఆశగా తలెత్తాడు.

"జీవిత ఖైదు పడుతుందంటారా?"

హెమ్మా పేజీలు సర్దుకుని లేచింది. "పడుతుందనే అనుకుంటున్నాను. పడకపోతే అప్పీలు చేసుకో," అని తలుపు దగ్గరికి వేసింది.